తుఫాను మర్నాడు ట్రాక్టర్ల జాడను వీధుల పటానికి కలపడం: గోదావరి డెల్టా పట్టణాలకు సమగ్ర మార్గదర్శి

తుఫాను వెలిసిన మర్నాడు మునిసిపల్ కార్యాలయానికి వచ్చే ఫోన్లన్నిటిలోనూ ఉండే ప్రశ్న ఒక్కటే: మా వీధికి ట్రాక్టరు వచ్చిందా, రాకపోతే ఎప్పుడు వస్తుంది? కార్యాలయం దగ్గర ఉండే సమాచారం వేరు. ఎన్ని ట్రాక్టర్లు బయలుదేరాయో, ఏ జేసీబీ ఏ వార్డులో ఉందో, ఎవరి డీజిలు ఎంత ఖర్చయిందో అక్కడ తెలుస్తుంది. జనం వీధి గురించి అడుగుతూంటే మనం వాహనం గురించి చెబుతాం. జీపీఎస్ పరికరాలు బిగించిన తరువాత కూడా చాలా చోట్ల ఈ ఎడం తీరకపోవడానికి కారణం, తెరమీద కదిలే చుక్కలను చూసి పని అయిపోయిందనుకోవడమే. ఈ మార్గదర్శి ఆ చుక్కల నుంచి వీధి దాకా వెళ్లే దారిని అడుగడుగునా వివరిస్తుంది.

ఈ సమస్యను ముందుగా పెద్ద ఎత్తున ఎదుర్కొన్నవి మంచు కురిసే నగరాలు. 2010 డిసెంబరు చివర న్యూయార్క్‌ను ముంచిన మంచు తుఫానులో చాలా వీధులు రోజుల తరబడి మూసుకుపోయి, నగర యంత్రాంగం తీవ్ర విమర్శల పాలైంది. ఆ తరువాత అక్కడ మంచు తోసే బండ్ల జీపీఎస్ సమాచారాన్ని వీధుల పటానికి కలిపి, ఏ వీధిని చివరిసారి ఎప్పుడు శుభ్రపరిచారో రంగులతో ప్రజలకు చూపడం మొదలుపెట్టారు. షికాగో నగరం 2012లో మంచు బండ్ల కదలికలను ప్రజలందరికీ కనిపించేలా పటం మీద ఉంచింది. మన డెల్టాలో మంచు లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసినలాంటి గాలి ఉంది, 2022 జులైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటినలాంటి వరద ఉంది. కూలిన చెట్లు, కొబ్బరి మట్టలు, ఒండ్రు, పాడైన ఇంటి సామాను దారికి అడ్డం పడతాయి. వాటిని తొలగించే పనిని పటం మీద చూపే పద్ధతి చాలావరకు మంచు నగరాలదే. తేడా వచ్చే చోటు ముఖ్యమైనది కనుక దానిని ఐదో అడుగులో విడిగా చెబుతాను.

మొదటి అడుగు: వీధుల పటాన్ని సిద్ధం చేయడం

పరికరాలు కొనడానికి ముందే ఈ పని పూర్తి కావాలి. మునిసిపాలిటీ వద్ద సరైన డిజిటల్ పటం లేకపోతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారాన్ని దించుకొని, పటాలను దిద్దే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేరులో తెరవవచ్చు. రెండూ ఉచితమే, అయితే పటం ఎక్కడ చూపినా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరును తప్పక పేర్కొనాలి. ప్రధాన రోడ్లు బాగానే దొరుకుతాయి. కాలువ గట్టు వెంట ఉన్న పేటల సందులు, కొత్త లేఅవుట్లు, కొబ్బరితోటల చాటున ఉన్న బాటలు మాత్రం ఉపగ్రహ చిత్రంలోనూ సరిగా కనబడవు. వాటిని వార్డు సచివాలయ సిబ్బంది నడిచి నమోదు చేయాల్సిందే.

తరువాత ప్రతి రోడ్డునూ కూడలి నుంచి కూడలికి ముక్కలుగా కోయాలి. ఇకపై మన లెక్క అంతా ఈ ముక్కలతోనే. ప్రతి ముక్కకూ మన సొంత సంఖ్య ఇవ్వాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఇచ్చే సంఖ్య మీద ఆధారపడకూడదు, ఎందుకంటే ఎవరైనా అక్కడ ఒక రోడ్డును రెండుగా విడగొడితే సంఖ్యలు మారి మన పాత నమోదులన్నీ దిక్కులేనివవుతాయి. సంఖ్యతోపాటు జనం పిలిచే పేరు, వార్డు, వెడల్పు, జేసీబీ పడుతుందా లేక ట్రాక్టరు మాత్రమే పడుతుందా అనే వివరం, ఆ రోడ్డు ఎవరి అధీనంలో ఉందో కూడా రాయాలి. ఈ చివరి గడిని తేలికగా తీసుకోవద్దు. అమలాపురం గుండా వెళ్లే 216వ నంబరు జాతీయ రహదారి ఒకరిది, ఆర్ అండ్ బీ రోడ్డు మరొకరిది, కాలువ గట్టు జలవనరుల శాఖది. కూలిన చెట్టుకు ఈ సరిహద్దులు తెలియవు. ఎవరికి ఫోను చేయాలో మాత్రం మనకు ముందుగా తెలిసి ఉండాలి.

ప్రాధాన్యాన్ని మూడు తరగతులకు మించనీయకపోవడం మేలు. ఆసుపత్రి, 108 వాహనం నడిచే దారి, విద్యుత్ సబ్‌స్టేషను, మంచినీటి పథకం, పునరావాస కేంద్రం వీటిని కలిపే ముక్కలు మొదటి తరగతి. బస్సులు తిరిగే దారులు, బజార్లు రెండోది. మిగిలినవన్నీ మూడోది. లంక గ్రామాలకు వెళ్లే కాజ్‌వేలను విడిగా గుర్తించి, మునిగినప్పుడు ‘మూసివేత’ అని మార్చేందుకు ఒక గడి ఉంచాలి. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు, రెండోది 13 లక్షలకు, మూడోది 17 లక్షలకు ఇస్తారు. ఏ హెచ్చరిక నాటికి ఏ కాజ్‌వే మునుగుతుందో ఆ ఊరి పెద్దలకు, కాలువలను కాపలా చూసే లస్కర్లకు తెలుసు. వారిని అడిగి ఆ గడిని ముందే నింపి ఉంచుకోవచ్చు.

పటాన్ని నిల్వ చేసేటప్పుడు అక్షాంశ రేఖాంశాలుగా, అంటే ఈపీఎస్‌జీ 4326 పద్ధతిలోనే (ఈపీఎస్‌జీ సంఖ్యలు పటాల కొలత పద్ధతులకు ఇచ్చే గుర్తులు) ఉంచి, దూరాలు కొలిచేటప్పుడు మాత్రం మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర మండలానికి, అంటే ఈపీఎస్‌జీ 32644కు మార్చుకోవాలి. డెల్టా మొత్తం ఆ ఒక్క మండలంలోనే ఉంటుంది. డిగ్రీలతో నేరుగా దూరం లెక్కిస్తే తప్పు వస్తుంది: మన దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లయితే ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 107 కిలోమీటర్లే.

రెండో అడుగు: వాహనాలకు పరికరాలు

మునిసిపల్ వాహనాలకు వైరింగుతో శాశ్వతంగా బిగించే పరికరాలే సరైనవి. వాహనాల జాడ పరికరాలకు మన దేశం పెట్టిన ఏఐఎస్ 140 ప్రమాణానికి సరిపడే పరికరమైతే, జీపీఎస్ లాంటి మన దేశపు వ్యవస్థ నావిక్ ఉపగ్రహాలను కూడా అందుకుంటుంది. కానీ విపత్తు వేళ సగానికి పైగా పని చేసేది రైతుల నుంచి అద్దెకు తెచ్చే ట్రాక్టర్లే. వాటికి అయస్కాంతంతో అతుక్కునే బ్యాటరీ పరికరాలో, డ్రైవరు ఫోనులో చిన్న యాప్‌నో వాడాలి. ఈ రోజు ఒక ట్రాక్టరుకు పెట్టిన పరికరం రేపు మరొకదానికి మారుతుంది కనుక, పరికరాన్ని గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య ఎదుట వాహనం నంబరు ఒక్కటే రాస్తే చాలదు. ఏ తేదీ ఏ గంట నుంచి ఏ గంట వరకు అది ఆ వాహనానిదో కూడా రాయాలి. మేము మొదటిసారి ఈ పట్టిక పెట్టుకోలేదు. మూడో రోజుకు ఏ బిల్లు ఎవరిదో తేల్చలేక, పాపం తెల్లవారుజాము నుంచి బురదలో నిలబడిన రైతులకు సొమ్ము వారాల తరబడి ఆలస్యమైంది.

సంకేతం ఎంతసేపటికి ఒకసారి పంపాలన్నది తరువాతి ప్రశ్న. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టరు 30 సెకన్లలో సుమారు 167 మీటర్లు దాటుతుంది. మన పేటల్లో అంత దూరంలో రెండు సందులు ఉంటాయి. ట్రాక్టరు ఏ సందులోంచి వెళ్లిందో ఇక చెప్పలేం. 10 సెకన్లకు ఒకటయితే ఎడం సుమారు 56 మీటర్లకు తగ్గుతుంది. రోజుకు 12 గంటలు, 40 వాహనాలు అనుకుంటే 1,72,800 నమోదులు వస్తాయి. సాధారణ కంప్యూటరుకు కూడా అది పెద్ద భారం కాదు. మలుపు తిరిగినప్పుడు అదనంగా ఒక సంకేతం పంపే సదుపాయం ఉంటే తప్పక వాడుకోవాలి.

తుఫాను తరువాత సెల్ టవర్లకు కరెంటు ఉండదు. కనుక సిగ్నలు లేనప్పుడు నమోదులను తనలోనే దాచుకొని, దొరికినప్పుడు పంపే పరికరమే కొనాలి. ధర మాట్లాడే ముందు ఎన్ని వేల నమోదులు దాచగలదో అడగండి.

మూడో అడుగు: సమాచారాన్ని అందుకొని శుద్ధి చేయడం

పరికరాల నుంచి వచ్చే సంకేతాలను అందుకోవడానికి ట్రాకార్ (Traccar) పేరుతో ఉన్న ఉచిత సర్వరును వాడుకోవచ్చు. బజారులో దొరికే పరికరాల భాషల్లో అధికభాగం దానికి తెలుసు. అక్కడి నుంచి పటాల లెక్కలు చేయగల పోస్ట్‌జీఐఎస్ ఉన్న డేటాబేసులోకి పంపాలి. ఈ దశలో జరిగే పొరపాట్లు కొన్నే అయినా, ఒక్కొక్కటి మొత్తం పనిని పాడుచేయగలదు.

మొదటిది డిగ్రీలు, నిమిషాలు. కొన్ని పరికరాలు అక్షాంశాన్ని 1634.8 అని పంపుతాయి. దీని అర్థం 16 డిగ్రీల 34.8 నిమిషాలు, అంటే 34.8ని 60తో భాగించి కలిపితే 16.58 డిగ్రీలు. దీనిని 16.348గా చదివితే అమలాపురంలోని ట్రాక్టరు సుమారు 26 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి, ఓడలరేవు దాటి బంగాళాఖాతంలో కనిపిస్తుంది. రెండోది వరుస. పటాల సమాచారాన్ని ఫైలుగా రాసే జియోజేసన్ పద్ధతిలో ముందు రేఖాంశం, తరువాత అక్షాంశం రాయాలి. తారుమారైతే అదే ట్రాక్టరు ఆర్కిటిక్ సముద్రంలో స్వాల్బార్డ్ దీవులకు ఉత్తరాన తేలుతుంది. ఇలాంటి పెద్ద తప్పులు కంటికి కనబడతాయి కనుక త్వరగా దిద్దుకోగలం. పట్టణ సరిహద్దుకు బయట పడే ప్రతి నమోదునూ పక్కన పెట్టే ఒక నియమం రాస్తే సరిపోతుంది.

కంటికి కనబడని తప్పు కాలానికి సంబంధించినది. పరికరాలు పంపేది విశ్వ కాలమానం (యూటీసీ). మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. పారిశుద్ధ్య సిబ్బంది ఉదయం 5 గంటలకు పని మొదలుపెడితే, విశ్వ కాలమానంలో అది ముందురోజు రాత్రి 11:30. తేదీ వారీగా లెక్క తీసినప్పుడు తొలి అరగంట పని నిన్నటి ఖాతాలో పడుతుంది. నిల్వ విశ్వ కాలంలోనే ఉంచి, లెక్కను మన కాలంలో తీయాలి. అలాగే వరుసకు ఆధారం పరికరం నమోదు చేసిన సమయం కావాలి, సర్వరుకు చేరిన సమయం కాకూడదు. సిగ్నలు తిరిగి వచ్చాక మూడు గంటల నమోదులు ఒక్కసారిగా వచ్చిపడతాయి. అవే నమోదులు రెండుసార్లు రావచ్చు కనుక పరికరం సంఖ్య, పరికర సమయం రెండూ ఒకటైన నమోదును ఒక్కసారి మాత్రమే ఉంచాలి. వేగం ఓడల వేగానికి వాడే ‘నాట్’ కొలతలో వస్తే 1.852తో హెచ్చించి కిలోమీటర్లలోకి మార్చుకోవాలి.

నాలుగో అడుగు: చుక్కను సరైన వీధికి చేర్చడం

ఆరుబయట మంచి పరికరానికి కూడా కొన్ని మీటర్ల తేడా సహజం. కొబ్బరి ఆకుల కింద, మేడల మధ్య అది మరింత పెరుగుతుంది. దగ్గరలో ఉన్న వీధికి చుక్కను అంటించడం అందరికీ తట్టే పద్ధతి. డెల్టాలో అది పనికిరాదు. మన పట్టణాల్లో కాలువకు ఈ గట్టున ఒక రోడ్డు, ఆ గట్టున ఒక రోడ్డు జంటగా సాగుతాయి. ట్రాక్టరు ఈ గట్టున నడుస్తూంటే చుక్కల్లో కొన్ని కాలువలో పడతాయి, కొన్ని అవతలి గట్టుకు అంటుకుంటాయి. శుభ్రం కాని గట్టు శుభ్రమైనట్లు కనిపిస్తే, అక్కడ ఉన్నవారి ఫిర్యాదును కార్యాలయం నమ్మదు. అంతకంటే అన్యాయం మరొకటి లేదు.

ఇందుకు పరిష్కారం చుక్కలను విడివిడిగా చూడడం మాని, వరుసగా చూడడం. ఒక చుక్క ఈ గట్టున, పది సెకన్ల తరువాతి చుక్క ఆ గట్టున ఉంటే, మధ్యలో వంతెన ఉందా, వంతెన దాకా వెళ్లి తిరిగి రావడానికి ఆ పది సెకన్లు సరిపోతాయా అని లెక్క అడుగుతుంది. సరిపోకపోతే రెండో చుక్కను కూడా ఈ గట్టుకే చేరుస్తుంది. వరుసలో ఎక్కువ అవకాశం ఉన్న దారిని లెక్కగట్టే హిడెన్ మార్కోవ్ నమూనాతో దీనిని చేసే విధానాన్ని 2009లో న్యూసన్, క్రమ్ అనే పరిశోధకులు ప్రచురించారు. వల్హల్లా, గ్రాఫ్‌హాపర్ వంటి ఉచిత సాధనాలు ఆ దారినే నడుస్తాయి. ఇవి సరిగా పనిచేయాలంటే వంతెనలన్నీ పటంలో ఉండాలి, రోడ్ల చివరలు కూడలి వద్ద నిజంగా కలవాలి. రెండు గీతలు తెరమీద తాకినట్లు కనిపించి అర మీటరు ఎడంగా ఉంటే, సాధనానికి అక్కడ దారి లేనట్లే. వెతికే పరిధిని 25 మీటర్లతో మొదలుపెట్టి, మన వాహనాల మీద పరీక్షించి సవరించుకోవచ్చు. వన్‌వే నియమాలను మాత్రం తీసేయాలి. విపత్తు వేళ జేసీబీ ఎదురు దారిలోనూ వస్తుంది.

ఐదో అడుగు: ప్రయాణమా, పనా?

మంచు బండి విషయంలో ఇది కొంత తేలిక. ముందున్న పలక కిందికి దిగి ఉండి బండి కదులుతూంటే పని జరుగుతోంది; పలక పైకి లేస్తే అది ప్రయాణం. ఉప్పు చల్లే యంత్రం కూడా తాను చల్లుతున్నదీ లేనిదీ చెబుతుంది. అక్కడ కదలికే పని. మన దగ్గర చాలా పని బండి నిలబడి ఉండగా జరుగుతుంది. రోడ్డుకు అడ్డంగా పడిన రావిచెట్టును కోసి ఎత్తడానికి జేసీబీ గంటన్నర ఒకేచోట ఉండవచ్చు. అదే జేసీబీ డీజిలు కోసం కూడా గంటన్నర ఒకేచోట ఉండవచ్చు. జీపీఎస్ ఒక్కదానికే ఈ రెండింటి తేడా తెలియదు. మంచు నగరాల నియమాన్ని యథాతథంగా తెచ్చుకుంటే మన కష్టమైన పనంతా ఖాళీగా ఉన్నట్లు నమోదవుతుంది.

కనుక వాహనం రకాన్ని బట్టి నియమం వేరుగా ఉండాలి. సక్షన్ ట్యాంకరుకు ఇంజను శక్తితో పంపును తిప్పే పీటీఓ అనే భాగం నుంచి ఒక తీగను పరికరంలోకి తెస్తే, పంపు నడిచిన ప్రతి నిమిషం తెలుస్తుంది. జేసీబీకి ఇంజను నడుస్తోందో లేదో చెప్పే ఇగ్నిషన్ తీగ తప్పనిసరి. ఇంజను నడుస్తూ, బండి 30 మీటర్ల పరిధిలో పది నిమిషాలకు మించి ఉండి, ఆ చోటు డీజిలు బంకో షెడ్డో కాకపోతే పనిగా లెక్కించవచ్చు. బంకులు, షెడ్డు, చెత్త పారబోసే యార్డు, టీ కొట్టు కూడళ్లను ముందే వలయాలుగా గీసి ఉంచుకోవాలి. ట్రాక్టరు ట్రక్కుకు నిండిందో లేదో చెప్పే తీగ లేదు. అయితే యార్డు వలయంలోకి వెళ్లి బయటికి వచ్చిన ప్రతిసారీ ఒక ట్రిప్పు పూర్తయినట్లు. దానికి ముందు అది ఎక్కువసేపు ఆగిన వీధి ముక్కలే లోడు ఎత్తిన చోట్లు. ఈ నియమం మోటుగా కనిపించినా, మేస్త్రి పుస్తకంతో సరిచూసినప్పుడు బాగా కుదురుతుంది.

నిలబడిన బండి చుక్కలు సాలెగూడులా చుట్టూ పరుచుకుంటాయి. వేగం గంటకు 2 కిలోమీటర్ల లోపు ఉన్న వరుస చుక్కలన్నిటినీ ఒకే మధ్యబిందువుగా కుదించి, ఆ తరువాతే వీధికి చేర్చాలి. అంటే అమలులో ఈ కుదింపు నాలుగో అడుగుకు ముందే నడవాలి.

ఆరో అడుగు: వీధి స్థితిని లెక్కించడం

ఇప్పుడు ప్రతి ముక్కకూ ఎంత భాగం పని జరిగిందో చూడాలి. 120 మీటర్ల ముక్కలో పని చుక్కలు 12వ మీటరు నుంచి 114వ మీటరు వరకు ఉంటే 85 శాతం పూర్తయినట్లు. 80 శాతాన్ని గీటుగా పెట్టుకోవచ్చు. కానీ శాతం ఒక్కటే వీధి కథను చెప్పదు. మంచు కరిగిపోతుంది, ఒండ్రు కరగదు, పైగా తిరిగి వస్తుంది. వరద తీసిన మొదటి రోజు రోడ్డు మీది బురద ఎత్తుతాం. రెండో రోజు, మూడో రోజు జనం ఇళ్లు కడిగి లోపలి బురదను, నానిన పరుపులను, పాడైన ధాన్యాన్ని వీధిలోకి తెస్తారు. నిన్న ఆకుపచ్చగా ఉన్న వీధి ఈ రోజు నిజానికి మళ్లీ మూసుకుపోయింది.

అందుకే నాలుగు స్థితులు ఉంచుకోవాలని నా అభిప్రాయం: ఎవరూ చేరలేదు, ఒక బండి పట్టేంత దారి తీశారు, పూర్తిగా ఎత్తారు, మళ్లీ చేరింది. మొదటి రెండింటినీ వాహనం సమాచారమే నిర్ణయిస్తుంది. ‘పూర్తిగా ఎత్తారు’ అనే మాటకు మేస్త్రి లేదా శానిటరీ ఇన్‌స్పెక్టరు ఫోనులో ఒక ఫొటోతో ధ్రువీకరణ కావాలి. ‘మళ్లీ చేరింది’ అనేది ఆ వీధివాసుల ఫిర్యాదుతోనే మారాలి. రోడ్డుకు రెండు వైపులా ఉన్న మురుగు కాలువల్లో ఏ వైపుది తీశారో జీపీఎస్ చెప్పలేదు కనుక ఆ వివరం కూడా మేస్త్రి నుంచే రావాలి. ప్రతి స్థితి పక్కనా అది ఎన్ని గంటల కిందటిదో తప్పనిసరిగా కనిపించాలి.

ఏడో అడుగు: తెర మీద చూపడం

కార్యాలయంలోని తెర మీద వాహనాలు, వీధుల స్థితి రెండూ ఉండవచ్చు. మొదటి తరగతిలో ఇంకా ఎవరూ చేరని ముక్కల జాబితా అన్నిటికంటే పైన ఉండాలి. ప్రజలకు చూపే పటంలో వీధుల రంగులు చాలు. డ్రైవరు పేరు, ఫోను, బండి నంబరు బయటపెట్టకూడదు. అవసరం లేదు, పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉండనే ఉంది. అద్దె ట్రాక్టరు యజమాని ఫోను యాప్ పని గంటలు ముగియగానే ఆగిపోయేలా చూడాలి.

ఎర్ర రంగుకు, ఆకుపచ్చకు తేడా తెలియనివారు కూడా ఉంటారు కనుక గీత మందాన్ని కూడా మార్చాలి. వీధి పేర్లు తెలుగులో ఉండాలి.

ఎనిమిదో అడుగు: వానాకాలానికి ముందే నడిపి చూడడం

వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసే వారాలే ఇందుకు తగిన సమయం. అప్పుడు జేసీబీలు, ట్రాక్టర్లు ఎలాగూ పనిలో ఉంటాయి. ఒక వార్డును ఎంచుకొని రెండు వారాలు నడిపి, ప్రతి సాయంత్రం తెర చూపే వీధుల జాబితాను మేస్త్రి పుస్తకంతో పోల్చాలి. తేడా వచ్చిన ప్రతి ముక్క దగ్గరికీ వెళ్లి చూడాలి. చాలాసార్లు తప్పు పటంలో ఉంటుంది: లేని సందు, కలవని కూడలి, గీయని వంతెన.

కరెంటు, ఇంటర్నెట్ రెండూ పోయిన రోజును కూడా ఒకసారి అభ్యాసం చేయాలి. సర్వరు నకలు తీరానికి దూరంగా ఉండాలి. కార్యాలయంలో ఇన్వర్టరు మీద నడిచే ఒక కంప్యూటరులో పటం పూర్తిగా నిల్వ ఉండాలి. వార్డుకు ఒకటి చొప్పున, ముక్కల సంఖ్యలు అచ్చయిన కాగితపు పటాలు సిద్ధంగా ఉండాలి. సిగ్నలు లేని గంటల్లో మేస్త్రి ఆ పటం మీద పెన్నుతో గీసి తెస్తే, కార్యాలయంలో అవే సంఖ్యలతో నమోదు చేయవచ్చు.

పని ముగిశాక అద్దె ట్రాక్టర్లకు సొమ్ము చెల్లించేటప్పుడు వారానికి మించి ఆలస్యం చేయకుండా, ఒక్కో ట్రాక్టరుకు ట్రిప్పులు, గంటలు, తిరిగిన వీధులు చూపే ఒక పేజీని తెలుగులో అచ్చు తీసి యజమాని చేతికివ్వాలి. పరికరం నమోదుకూ మేస్త్రి పుస్తకానికీ తేడా వస్తే, ఆ గంటల్లో సిగ్నలు ఉందా, పరికరం బ్యాటరీ ఉందా అన్నది ముందు చూడాలి. అవి లేని గంటలకు పుస్తకంలోని లెక్కనే అంగీకరించాలని పని మొదలయ్యే రోజే రాసి, ఇరువైపులా సంతకాలు తీసుకోవాలి.